పసిపిల్లలతో క్రూజ్‌కు వెళ్తున్నారా? క్యాబిన్ ఇలా చూసుకోండి

మేం మొదటిసారి క్రూజ్ (ఓడలో విహారయాత్ర) ఎక్కినప్పుడు మా బాబుకు 14 నెలలు. డల్లాస్ నుంచి గాల్వెస్టన్ రేవుకు ఐదు గంటల డ్రైవ్, అక్కడి నుంచి 7 రాత్రులు మెక్సికో వైపు. "గదిలో ఎంతసేపుంటాంలే, పడుకోవడానికేగా" అనుకుని అన్నిటికన్నా చవకగా వచ్చిన ఇన్‌సైడ్ క్యాబిన్, అంటే కిటికీ లేని లోపలి గది, తీసుకున్నాం. అదీ గ్యారంటీ క్యాబిన్. అంటే డబ్బు ముందే కడతాం, గది నంబరు మాత్రం వాళ్లిచ్చిందే తీసుకోవాలి.

మాకొచ్చిన గది సరిగ్గా బఫే కింద. తెల్లవారుజామున ఐదున్నరకు పైన కుర్చీలు ఈడ్చడం మొదలయ్యేది. గర్రుమని ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. మూడోదానికి బాబు లేచి కూర్చునేవాడు. రాత్రి ఏడున్నరకు వాడు నిద్రపోయాక ఇంకో అవస్థ. లైటు వేస్తే లేస్తాడు, మాట్లాడితే లేస్తాడు. మంచానికీ క్రిబ్‌కూ (బిడ్డ పడుకునే చిన్న మంచం) మధ్య జానెడు చోటు. మా ఆయనా నేనూ చీకట్లో గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లం. బయట ఓడంతా వెలుగులు, పాటలు. ఒకరు గదిలో ఉంటే ఒకరు వెళ్లి తినొచ్చేవాళ్లం. ఆ వారంలో ఇద్దరం కలిసి ఒక్క రాత్రి కూడా భోజనానికి కూర్చోలేదు.

పసిబిడ్డతో వెళ్తే ఆ గది పడుకోవడానికి మాత్రమే కాదు. పగటి నిద్రలు, పెందలాడే పడుకోవడం, పాలు, డైపర్లు, స్నానం, అన్నీ అక్కడే. రోజులో సగం పైగా అదే మీ ఇల్లు. కాబట్టి అద్దె ఇల్లు చూసినంత జాగ్రత్తగా చూడాలి.

గది కన్నా ముందు వయసు సంగతి. చాలా కంపెనీలు బయల్దేరే రోజుకు బిడ్డకు 6 నెలలు నిండాలంటాయి. అట్లాంటిక్ దాటేవి, హవాయి వెళ్లేవి, వరసగా చాలా రోజులు సముద్రం మీదే ఉండేవి అయితే 12 నెలలు. బుక్ చేసే రోజుకు కాదు, ఎక్కే రోజుకు లెక్క. ఇంకోటి, చంటిబిడ్డయినా లైఫ్‌బోట్ (ప్రమాదమొస్తే ఎక్కే పడవ) లెక్కలో ఒక పూర్తి మనిషే. "మా ఒళ్లోనే పడుకుంటుంది కదా, తర్వాత పేరు చేరుస్తాంలే" అని ఇద్దరు పట్టే గది తీసుకోకండి. ముగ్గురు పట్టే గదే చూసుకుని, మొదటి రోజే బిడ్డ పేరు కూడా రాయించండి.

ఇక గది రకం ఆలోచించే ముందు, అది ఎక్కడుందో చూడండి. రెండోసారి వెళ్లేటప్పుడు మేం చేసిన పని ఇది. ఓడలో ఒక్కో డెక్ (అంతస్తు) ప్లాన్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మనకు నచ్చిన డెక్, దాని పైది, దాని కిందిది, మూడూ ఒకే సైజులో ప్రింట్ తీశాం. లిఫ్టులు, మెట్ల గుర్తులు ఒకదాని మీద ఒకటి పడేలా పేర్చి, పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాం. మన గదికి పైన ఏముందో, కింద ఏముందో వెలుతురులో స్పష్టంగా కనిపిస్తుంది. పైనా కిందా గదులే ఉంటే సంతోషంగా తీసుకోండి. పైన పూల్ డెక్ గానీ బఫే గానీ ఉంటే తెల్లవారుజామునే కుర్చీల మోత. కింద థియేటర్ గానీ డాన్స్ క్లబ్ గానీ ఉంటే అర్ధరాత్రి దాకా దబదబలు. ప్లాన్‌లో పేరు రాయకుండా ఖాళీగా వదిలేసిన చోట్లు కూడా అనుమానించాల్సినవే. చాలాసార్లు అవి సిబ్బంది సామాన్ల గదులు, ట్రాలీలు తిరిగే చోట్లు. ఓడ ముందు భాగంలో బాగా కింద డెక్‌లలో గదులుంటే, రేవుకు చేరే తెల్లవారుజాముల్లో పక్కకు తిప్పే ప్రొపెల్లర్ల అదురు, లంగరు గొలుసు చప్పుడు వినిపిస్తాయి.

ఊగడం తక్కువ కావాలంటే ఓడ పొడవులో నట్టనడుమ, వీలైనంత కింది డెక్. తూగుడుబల్ల మీద మధ్యలో కూర్చున్నవాళ్లు పెద్దగా కదలరు, చివర్లో వాళ్లు లేచి పడతారు. ఇదీ అంతే. చిత్రమేమంటే రెండేళ్లలోపు పిల్లలకు సముద్రపు వికారం చాలా అరుదు. ఆ అవస్థ పడేది తల్లీ, పెద్దపిల్లలూ. కానీ తల్లి లేవలేక పడుకునే ఉంటే బిడ్డను చూసేదెవరు? వికారం తగ్గించే డ్రమమైన్ లాంటి మందులు రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. పాలిచ్చే తల్లి కూడా బయల్దేరేముందే డాక్టర్‌నడిగి మందు తెచ్చుకోవాలి.

పూల్‌కు దగ్గరగా ఉండాలని మాత్రం చూడకండి. అమెరికా రేవుల నుంచి వెళ్లే ఓడల్లో డైపర్ వేసుకునే పిల్లల్ని పూల్‌లోకి రానివ్వరు, స్విమ్ డైపర్ అయినా సరే. కొన్ని ఓడల్లో వాళ్లకోసమే ఉన్న చిన్న నీళ్ల ఆటస్థలంలోకి మాత్రమే. దానికన్నా లిఫ్టుకు దగ్గర ముఖ్యం. హార్మనీ ఆఫ్ ద సీస్ లాంటి ఓడ పొడవు 362 మీటర్లు. మర్చిపోయిన పాలసీసా కోసం ఆ కారిడార్ అటూ ఇటూ నడిచి చూస్తే తెలుస్తుంది. అయితే లిఫ్టు ఎదురుగా వద్దు, నాలుగైదు గదులు అవతల చూసుకోండి.

ఇప్పుడు రకం. డబ్బు వీలైతే నా ఓటు బాల్కనీకే. సముద్రం చూడటానికి కాదు, బిడ్డ నిద్రపోయాక మనం కూర్చోవడానికి. పాప పుట్టాక వెళ్లినప్పుడు, రోజూ రాత్రి ఎనిమిదికి ఆ అద్దం తలుపు అవతల మేమిద్దరం రెండు కుర్చీలు వేసుకుని, రూమ్ సర్వీస్ వాళ్లు తెచ్చిన టీ తాగుతూ గంటన్నర మాట్లాడుకున్నాం. పాప లోపల కళ్లముందే ఉంది. పిల్లలు పుట్టాక మేమిద్దరం అంత తీరిగ్గా మాట్లాడుకున్నది అక్కడే.

బాల్కనీ అంటే భయపడేవాళ్లున్నారు, ఆ భయం మంచిదే. తలుపు గొళ్లెం సాధారణంగా పెద్దవాళ్ల ఎత్తులో ఉంటుంది. అదనపు లాక్ ఉందేమో గదికి వెళ్లగానే అడగండి. కుర్చీ, బల్ల ఎప్పుడూ కటకటాల దగ్గర ఉంచకండి, వాడనప్పుడు లోపలికి తెచ్చేయండి. పాకే బిడ్డ కన్నా ఎక్కడం నేర్చిన రెండున్నరేళ్ల పిల్లతో ఎక్కువ జాగ్రత్త. అలాంటి పిల్ల ఉండి మీకు మనసొప్పకపోతే ఓషన్ వ్యూ (బాల్కనీ లేకుండా కిటికీ మాత్రమే ఉన్న గది) తీసుకోండి, అందులో ఏ తప్పూ లేదు. లైఫ్‌బోట్ అడ్డమొచ్చే కిటికీ అయితే ఇంకా చవక, వెలుతురు ఎలాగూ వస్తుంది.

ఇన్‌సైడ్‌లో ఒక మేలుంది. కటిక చీకటి, పగటి నిద్ర బ్రహ్మాండంగా పడుతుంది. చిన్న నైట్ ల్యాంప్ తీసుకెళ్లండి, లేకపోతే రాత్రి లేచినప్పుడు బిడ్డ ఎక్కడుందో మీకే కనిపించదు. సాయంత్రాలు బిడ్డను ఓడలోనే చంటిపిల్లల్ని చూసుకునే నర్సరీలో వదిలే ఆలోచన ఉంటే ఇన్‌సైడ్ చాలు. డిస్నీ ఓడల్లో 6 నెలల నుంచి 3 ఏళ్లలోపు పిల్లలకు గంటల లెక్కన డబ్బు తీసుకునే నర్సరీ ఉంది. రాయల్ కరీబియన్‌లో కొన్ని ఓడల్లో ఉంది. మామూలు కిడ్స్ క్లబ్‌లు చాలావరకు మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలకే.

బాత్రూమ్ ఫోటో తప్పకుండా చూడండి. చాలా గదుల్లో షవర్ మాత్రమే, అదీ ఇద్దరు నిలబడలేనంత ఇరుకు. మేం గాలి ఊదే చిన్న టబ్ తీసుకెళ్లాం. డిస్నీలో చాలా గదుల్లో స్నానం ఒకవైపు, టాయిలెట్ ఒకవైపు ఉంటాయి, మంచానికీ సోఫాకూ మధ్య తెర కూడా ఉంటుంది. ధర ఎక్కువే, కానీ చంటిబిడ్డ వయసులో ఆ తెర విలువ చాలా ఉంది. బాత్రూమ్ గడప ఎత్తుగా ఉంటుంది, కొత్తగా నడిచే పిల్లలు కాలు తగిలి పడతారు. ఫ్లష్ చప్పుడు విమానంలో లాగే ఉంటుంది, మూత వేసి నొక్కండి.

గది తలుపు సన్నం. పెద్ద స్ట్రోలర్ (పిల్లల్ని తోసే బండి) పట్టదు, కారిడార్‌లో వదిలితే ఒప్పుకోరు. మడిచే అంబ్రెల్లా స్ట్రోలర్ చాలు. సోఫా బెడ్ తెరిస్తే క్రిబ్‌కు చోటు మిగలదని కూడా గుర్తుంచుకోండి. నలుగురున్న కుటుంబానికి ఇదే పెద్ద ఇబ్బంది.

ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్ తీసుకెళ్లి ఉగ్గు వండుకుందామనుకోకండి, వేడిచేసే వస్తువులేవీ రానివ్వరు. ఇంట్లో చేసిన తిండి కూడా సాధారణంగా కుదరదు. సీలు వేసిన బేబీ ఫుడ్, ఫార్ములా ఫర్వాలేదు. మేం బఫేలో తెల్లన్నం, పెరుగు తీసుకుని మెదిపి పెట్టాం, పాప కడుపునిండా తినింది. వేణ్నీళ్లు కావాలంటే ఫ్లాస్క్‌లో అడిగి తెచ్చుకోవచ్చు.

అమ్మమ్మా తాతయ్యలో, నానమ్మా తాతయ్యలో వస్తుంటే రెండు కనెక్టింగ్ గదులు తీసుకోండి. మాతో అత్తయ్యా మామయ్యా వచ్చినప్పుడు మధ్య తలుపు తెరిచే ఉండేది. పొద్దున్నే పాప లేస్తే అత్తయ్య వచ్చి ఎత్తుకెళ్లేది, నేను ఏడింటిదాకా పడుకునేదాన్ని. కానీ ఆ తలుపు అవతల తెలియనివాళ్లుంటే అదే శత్రువు. మాటలు, టీవీ అన్నీ ఇటు వినిపిస్తాయి, బిడ్డ ఏడుపు అటు. ప్లాన్‌లో రెండు గదుల మధ్య చిన్న గుర్తు ఉంటే అది కనెక్టింగ్. రెండూ మీవి కాకపోతే వదిలేయండి.

చెన్నై నుంచి, వైజాగ్ నుంచి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. అక్కడ ఎక్కే కార్డీలియా ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ. పాత ఓడల్లో గదులు చిన్నవి, బాల్కనీ గదులు తక్కువ. అందుకని అక్కడ నట్టనడుమ ఓషన్ వ్యూ కోసం ముందే చూడండి, వానాకాలపు బంగాళాఖాతం అయితే మరీ.

బుక్ అయిన వెంటనే ఫోన్ చేసి క్రిబ్ రాయించండి, చాలాచోట్ల ఉచితమే గానీ అవి కొన్నే ఉంటాయి. చల్లగా ఉంచాల్సిన మందు ఉంటే ఫ్రిజ్ అడగండి, గదిలో ఉండే మినీబార్ అంత చల్లబడదు. ఎక్కాక బిడ్డ సైజు లైఫ్ జాకెట్ ఉందో లేదో గది చూసుకునే మనిషిని అడిగి, అది చేతికొచ్చాకే సూట్‌కేసులు విప్పండి.