అమెరికాలో నడిచి తిరగగల చిన్న ఊరిని ఎంచుకోవడం ఎలా

అమెరికాలో ఇల్లు కొనాలనుకునే తెలుగు కుటుంబాలు మొదట అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే: బడికి రేటింగ్ ఎంత, ఇల్లు ఎన్ని చదరపు అడుగులు, ఆఫీసుకు కారులో ఎంతసేపు, గుడీ ఇండియన్ గ్రోసరీ ఎంత దూరం. ఇవన్నీ అడగవలసినవే. వీటి పక్కన ఇంకొక ప్రశ్న కూడా చేర్చుకోమని నా మనవి: కారు నడపని మనిషి ఆ ఇంట్లోంచి ఎవరి సాయమూ లేకుండా ఎక్కడికి వెళ్లి రాగలడు?

మా నాన్నగారు తెనాలిలో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే కాలవ గట్టున నడిచి వెళ్లి, పేపరు చదివి, దారిలో ఇద్దరు ముగ్గురిని పలకరించి, కొత్తిమీర కట్ట చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చేవారు. ఆయన మొదటిసారి మా దగ్గరకు వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు మేము ఒక కొత్త సబ్‌డివిజన్‌లో, అంటే ఊరి బయట వరుసగా ఇళ్లు కట్టిన కాలనీలో, ఉండేవాళ్లం. ఇళ్లు బాగుండేవి, ముందు పచ్చిక బాగుండేది, కానీ అన్నిటికంటే దగ్గర దుకాణానికి రెండు మైళ్లు, అందులో సగం సైడ్‌వాక్ (కాలిబాట) లేని రోడ్డు. సాయంత్రమయ్యేసరికి ఆయన గరాజు ముందు కుర్చీ వేసుకుని మా కార్ల కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు. తరువాత ఇల్లు మారేటప్పుడు మేము ఏమేమి చూశామో, ఏవి ముందే చూసి ఉండవలసిందో ఇక్కడ వివరిస్తాను.

నడిచి తిరగగల ఊళ్లకు ఒక వయసు ఉంటుందని ముందుగా తెలుసుకోవాలి. కార్లు రాకముందు రైలు స్టేషన్ చుట్టూనో, కోర్టు భవనం చుట్టూనో పెరిగిన ఊళ్లలో మనిషి నడకే కొలత గనుక, దుకాణాలు వీధిని ఆనుకుని, వాటి మీద కాపురాలు, వెనక వీధుల్లో ఇళ్లు ఏర్పడ్డాయి. 1926లో యూక్లిడ్ కేసులో జోనింగ్ (ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో నిర్ణయించే స్థానిక నియమాలు) చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, ఇళ్లు ఒక చోట, దుకాణాలు మరొక చోట ఉండాలన్న పద్ధతి దేశమంతటా బలపడింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కట్టిన శివార్లలోనూ, 1956 చట్టంతో మొదలైన ఇంటర్‌స్టేట్ రహదారుల వెంటా ఆ దూరం మరింత పెరగగా, షాపింగ్ మాల్స్ వచ్చి చాలా ఊళ్ల మెయిన్ స్ట్రీట్లు, అంటే దుకాణాలుండే ప్రధాన వీధులు, వెలవెలబోయాయి. ఆ పాత వీధులను నిలబెట్టడానికి, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ 1977లో మూడు చిన్న ఊళ్లలో ప్రయోగం చేసి, 1980లో మెయిన్ స్ట్రీట్ కార్యక్రమాన్ని దేశమంతటికీ విస్తరించింది. ఈ చరిత్ర వల్ల ఇల్లు వెతికేవారికి ఒక ప్రయోజనం ఉంది. మ్యాప్ తెరిచి వీధులు చిన్న చిన్న గళ్లుగా ఉన్న చోటు ఎక్కడుందో చూడండి. దాని మధ్యలో సాధారణంగా పాత స్టేషనో, కోర్టో, పోస్టాఫీసో కనిపిస్తుంది. వీధులు మెలికలు తిరుగుతూ పోయి చివర గుండ్రంగా ఆగిపోతుంటే, పక్క వీధిలోని స్నేహితుడి ఇంటికి కూడా చుట్టూ తిరిగి వెళ్లవలసి వస్తుంది.

ఇలాంటి చోట్లు మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాల పక్కనే ఉండి కూడా మన కంట పడకపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. న్యూజెర్సీలో లక్షకు పైగా జనాభా ఉన్న ఎడిసన్ మనందరికీ తెలుసు. దాని నడుమ, నాలుగు వైపులా ఎడిసనే చుట్టి ఉన్న మెటచెన్ అనే ఊరు మూడు చదరపు మైళ్లు కూడా ఉండదు. అక్కడ సుమారు 15 వేల మంది ఉంటారు. న్యూయార్క్ వెళ్లే రైలు ఆగే స్టేషన్ నుంచి రెండు నిమిషాలు నడిస్తే మెయిన్ స్ట్రీట్ వస్తుంది. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవారికి పక్కనే ఉన్న సోమర్‌విల్ తెలిసే ఉంటుంది; అక్కడి డివిజన్ స్ట్రీట్‌లో కార్లు లేకుండా మనుషులే తిరుగుతారు, 1940లో మొదలైన సైకిల్ పందెం ఆ ఊరి వీధుల్లోనే జరుగుతుంది. ప్రిన్స్‌టన్ ఖరీదైన ఊరే గాని, విదర్‌స్పూన్ స్ట్రీట్‌లోని గ్రంథాలయం, దాని పక్కన ఖాళీ స్థలంలో వేసిన కుర్చీలు, నాసావ్ స్ట్రీట్ దుకాణాలు, ప్రిన్స్‌టన్ జంక్షన్ వరకు నడిచే చిన్న రైలు ఇవన్నీ ఒక పెద్దాయనకు ఒక పూట కాలక్షేపానికి సరిపోతాయి. నార్త్ కరోలినాలోని కేరీలో 2023లో ఏడు ఎకరాల పార్కు తెరిచాక పాత డౌన్‌టౌన్‌కు కొత్త సందడి వచ్చింది. టెక్సాస్‌లోని మెకిన్నీలో పాత కోర్టు భవనం చుట్టూ దుకాణాలతో చక్కని చౌకు ఉంది, అయితే వేసవిలో అక్కడి నడక ఉదయం తొమ్మిది లోపే ముగించుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. కేరీ, మెకిన్నీ వంటి ఊళ్లు డౌన్‌టౌన్‌కు ఎన్నో మైళ్ల దూరం వరకు విస్తరించాయి. ఆ ఊరి పేరు చూసి ఇల్లు కొంటే, డౌన్‌టౌన్ ఫొటోల్లో మాత్రమే మనదవుతుంది. అందుచేత చూడవలసింది ఊరిని కాదు, ఇంటి గుమ్మం నుంచి మొదటి దుకాణం వరకు ఉన్న దారిని. నగర ప్రణాళిక చేసేవారు ఐదు నిమిషాల నడకకు సుమారు 400 మీటర్లు లెక్కిస్తారు. డెబ్బై ఏళ్ల మనిషి సంచి పట్టుకుని నడిస్తే 800 మీటర్లకు పావుగంట దాటుతుంది కాబట్టి, నా లెక్కలో అదే హద్దు. ఇళ్ల ప్రకటనల్లో వాక్ స్కోర్ అని నూటికి ఒక సంఖ్య ఇస్తారు. 70 దాటితే బాగా నడవగల చోటని అర్థం. అది ప్రధానంగా దుకాణాలూ బడులూ ఎంత దూరంలో ఉన్నాయో లెక్కించే సంఖ్య గనుక మొదటి వడపోతకు పనికొస్తుంది. దారిలో నీడ ఉందా, మధ్యలో ఆరు వరుసల హైవే ఉందా అన్నది మీరు స్వయంగా నడిచి తెలుసుకోవలసిందే.

ఇల్లు నచ్చితే రియల్టర్ (ఇళ్లు చూపించే ఏజెంటు) లేకుండా అక్కడికి మూడుసార్లు వెళ్లండి: పనిరోజు మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, శనివారం ఉదయం ఒకసారి. కారు ఆ ఇంటి ముందు ఆపి, నిజమైన పనుల మీద బయలుదేరండి. పాలు కొనండి, మందుల షాపు వెతకండి, క్షౌరశాల చూడండి, లైబ్రరీలోకి వెళ్లి పావుగంట కూర్చోండి. దారిలో కూర్చోవడానికి బెంచీ ఉందా, పెద్దవాళ్లకు అవసరమైన టాయిలెట్ ఉందా అన్నది తప్పకుండా గమనించండి. ఈ రెండూ లేని డౌన్‌టౌన్ ఎంత అందంగా ఉన్నా మా అమ్మకు పనికిరాలేదు. రెస్టారెంట్లూ బహుమతుల దుకాణాలూ మాత్రమే ఉన్న వీధి సెలవుల్లో చూడటానికి బాగుంటుంది గాని, రోజూ బతకడానికి కిరాణా, మందులు, పోస్టాఫీసు కావాలి. రాత్రి వెళ్లినప్పుడు పై అంతస్తుల్లో దీపాలు వెలుగుతున్నాయో లేదో చూడండి. దుకాణాల మీద జనం కాపురముంటే ఆ వీధి సాయంత్రం ఆరు తరువాత కూడా ఖాళీ కాదు.

ఖర్చు విషయంలో దాచవలసింది ఏమీ లేదు. అదే ధరకు నడవగల చోట ఇల్లు చిన్నదవుతుంది, పాతదవుతుంది. 1978కి ముందు కట్టిన ఇంటికి సీసం కలిసిన రంగు ఉండవచ్చు గనుక, తమకు తెలిసిన సమాచారాన్ని అమ్మేవారు రాతపూర్వకంగా చెప్పాలి. న్యూజెర్సీ వంటి చోట్ల ఇంటిని వెచ్చబెట్టే నూనె కోసం భూమిలో పూడ్చిన పాత ట్యాంకు ఉందేమో ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి. బేస్‌మెంట్‌ను వాన పడిన మర్నాడు చూడటం మంచిది. బియ్యం బస్తాలకూ పప్పులకూ వారానికోసారి కారు తీయక తప్పదు. రెండో కారు అవసరం లేకపోతే మాత్రం నెల నెలా కట్టే వాయిదా, ఇన్సూరెన్సు మిగులుతాయి కాబట్టి, ఆ మొత్తాన్ని ఇంటి ధర పక్కన పెట్టి లెక్క చూసుకోండి. వీలైతే ముందు ఒక ఏడాది అద్దెకు ఉండటమే ఉత్తమం, ఎందుకంటే మంచు కురిసే నెలల్లో ఆ ఊరు సైడ్‌వాక్‌లను ఎలా చూసుకుంటుందో ఒక శీతాకాలం గడిపితే గాని తెలియదు. చాలా ఊళ్లలో ఇంటి ముందు మంచు తీయించే బాధ్యత ఇంటివారిదే అని కూడా గుర్తుంచుకోండి.

తల్లిదండ్రులు వచ్చాక మొదటి వారం వారితో కలిసి నడవాలి, వారికి నేర్పవలసింది ఉంది. మన దేశంలో రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూడటం యాభై ఏళ్ల అలవాటు; ఇక్కడ కార్లు మొదట వచ్చేది ఎడమవైపు నుంచి. ఎర్ర దీపం ఉన్నా కుడి మలుపు తిరగడానికి చాలా చోట్ల అనుమతి ఉంది గనుక, నడిచే మనిషి బొమ్మ వెలిగినంత మాత్రాన దిగిపోకుండా మలుపు దగ్గరి డ్రైవరు తమను చూశాడో లేదో గమనించమని చెప్పాలి. చేతి బొమ్మ మిణుకుమిణుకుమంటే కొత్తగా దాటడం మొదలుపెట్టకూడదు, అప్పటికే రోడ్డు మీద ఉంటే దాటడం పూర్తి చేయాలి. స్తంభానికున్న బటన్ నొక్కడం రెండుసార్లు వారి చేతే చేయించండి. ఇంటి చిరునామా, మీ ఫోన్ నంబరు రాసిన కాగితం జేబులో ఉంచండి, లైబ్రరీకి తీసుకెళ్లి అక్కడివారికి పరిచయం చేయండి. రెండో వారం పది అడుగులు వెనక నడవండి. మూడో వారం చిన్న చీటీ రాసి, చేతికి ఇరవై డాలర్లిచ్చి, మీరు ఇంట్లోనే ఉండండి.