చెక్క తెడ్డుపై పూత ఎందుకు నిలవదు? సమస్య – పరిష్కారం

రుషికొండ తీరంలో కయాక్ నడిపేవారు తాము చేత్తో చెక్కుకున్న తెడ్డుపై పూత చెడినప్పుడు, లోపమంతా వార్నిష్‌దేనని అనుకోవడం సహజం. నా అనుభవంలో మాత్రం విశాఖలో పూతను ఎక్కువగా చెడగొట్టేది తేమ. అది గాలిలోనిదైనా కావచ్చు, చెక్కలో మిగిలినదైనా కావచ్చు. ఏ లక్షణం కనిపించినా ముందు దాన్నే అనుమానించాలి.

రెక్క కొన వద్ద పూత పొరలుగా లేస్తోంది

చెక్క కొనల్లో నార తెగిన చోట నీరు వేగంగా లోపలికి ఇంకుతుంది. ఇసుకకు, రాళ్లకు తగిలి కొన కాస్త చిట్లితే చాలు, నీరు పూత కిందికి చేరుతుంది. ఎండ తగిలినప్పుడు ఆ తేమ పూతను పైకి నెడుతుంది. శ్రావణ మాసపు ముసురులో తొందరపడి వార్నిష్ వేసిన నా మొదటి టేకు తెడ్డు సరిగ్గా ఇలాగే చెడింది. లేచిన పూతపై మరో పూత వేస్తే ప్రయోజనం ఉండదు. వదులైనదంతా గోకి తీసి, ఉప్పు మిగిలితే అది తేమను లాగుతుంది కనుక మంచినీళ్లతో కడిగి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టాలి. రోజూ ఒకే సమయానికి తెడ్డును తూచి, మూడు రోజుల పాటు బరువు తగ్గకపోతే ఆరినట్లు లెక్కించవచ్చు. ఆ తరువాత కొనకు పలుచగా రెండుసార్లు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) పట్టించి, దానిపై వార్నిష్ వేయాలి. ఎపాక్సీ ఎండకు తాళలేదు కాబట్టి, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే మెరైన్ వార్నిష్ తప్పనిసరి.

ఎపాక్సీపై మైనం వంటి జిడ్డు

గాలిలో తేమ ఎక్కువైనప్పుడు కొన్ని రకాల ఎపాక్సీ గట్టిపడుతూ ఈ పొరను విడుస్తుంది. ఇది నీటిలో కరుగుతుంది కాబట్టి ముందు నీళ్లు, గిన్నెలు తోమే పీచుతో కడగాలి. కడగకుండా గరుకు కాగితంతో రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగి, పై పూత పట్టదు.

రోజులు గడిచినా వార్నిష్ అంటుకుంటోంది

పూత మందంగా వేయడం ఒక కారణం, టేకులోని సహజమైన నూనె మరొకటి. పూతకు ముందు టేకును థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, మొదటి పూతను పలుచన చేసి వేయాలి. డబ్బాపై రాసిన గడువు కంటే గరుకు కాగితం చెప్పేదే నమ్మదగినది: రుద్దితే పొడి రాలితే తరువాతి పూత వేయవచ్చు, కాగితానికి ముద్ద కడితే ఇంకా ఆగాలి. వారం దాటినా అంటుకుంటూనే ఉంటే గోకి తీసి మళ్లీ మొదలుపెట్టడమే మార్గం.

ఉపరితలం గరుకుగా ఉంది

మొదటి తడికి చెక్క నార లేస్తుంది. పూతకు ముందే తడిగుడ్డతో తుడిచి, ఆరాక 220 నంబరు కాగితంతో రుద్దితే సరిపోతుంది. బుడగలు వస్తే డబ్బాను ఊపవద్దు, కర్రతో నెమ్మదిగా కలపండి.

పిడి పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతున్నాయి

నున్నటి వార్నిష్ తడి చేతికి జారుతుంది, గట్టిగా పట్టవలసి వస్తుంది. పట్టు పడే చోట వార్నిష్ తీసేసి, ఉడికించిన అవిసె నూనె (దుకాణాల్లో ‘బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్’ పేరుతో దొరికేది) రుద్ది, మిగిలిన నూనెను తుడిచేయాలి. ఆ గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, బయట విడివిడిగా పరచి ఆరవేయండి.