నాలుగు గంటలకోసారి ఆగిపోయే టీవీ: చివరికి పనిచేసిన సెట్టింగ్

2021 జనవరి, ఇంగ్లండ్‌లో మూడో లాక్‌డౌన్. సాయంత్రం నాలుగింటికే చీకటి. ఇంట్లో మాటల చప్పుడుంటే చాలని పొద్దున్నే పెట్టిన టీవీ సరిగ్గా నాలుగు గంటలు గడవగానే తనంతట తనే ఆగిపోయేది. రిమోట్ బ్యాటరీలు, వేరే ప్లగ్గు, స్లీప్ టైమర్, ఫ్యాక్టరీ రీసెట్: ఏదీ పనిచేయలేదు. రీసెట్ జోలికి మాత్రం పోకండి, ఛానళ్లన్నీ మళ్లీ వెతుక్కోవాలి.

ఇది రిపేరు కాదు. రిమోట్ ముట్టకుండా 4 గంటలు గడిస్తే టీవీ ఆగిపోవాలని యూరప్‌లో కరెంటు పొదుపు నిబంధన ఉంది. ఆగేముందు తెరమీద ఓ హెచ్చరిక వస్తుంది. వంటింట్లోంచి వింటుంటే అదెలా కనపడుతుంది?

ముందుగా సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ఎకో లేదా పవర్ సేవింగ్, దాంట్లో ఆటో పవర్ ఆఫ్. '4 గంటలు' అని ఉన్నచోట ఆఫ్ పెట్టాలి. స్లీప్ టైమర్ వేరు, ఇది వేరు. అయినా మర్నాడు మళ్లీ ఆగింది. ఈసారి దోషి సెట్‌టాప్ బాక్సు. దానికీ సొంత ఆటో స్టాండ్‌బై ఉంటుంది. అది పడుకుంటూ, రెంటినీ కలిపే హెచ్‌డీఎంఐ తీగ ద్వారా టీవీనీ పడుకోబెట్టింది. బాక్సు మెనూలోనూ ఆఫ్ చేశాకే కుదుటపడింది.

మీ మోడల్లో పేర్లు వేరుగా ఉండొచ్చు. ఆఫ్ అనే ఆప్షనే లేకపోతే మధ్యమధ్యలో వాల్యూమ్ బటన్ నొక్కి చూడండి, లెక్క మళ్లీ మొదలవ్వాలి. ఓటీటీ యాప్ 'ఇంకా చూస్తున్నారా' అని ఆగడం దీనికి సంబంధం లేని గొడవ. ఓఎల్ఈడీ టీవీ అయితే రోజంతా ఒకే న్యూస్ ఛానల్ ఉంచకండి, లోగో మరక పడే ప్రమాదముంది.