కవిత మొత్తం ఎక్కించి, రెండు పాదాలకు దిగాను

తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసం రాస్తూ, ఉత్సాహం ఆగక శ్రీశ్రీ కవిత ఒకటి మొదటి నుంచి చివరిదాకా టైపు చేసి పెట్టేశాను. మూలం ఇచ్చాను కదా అని ధీమా. మర్నాడు చూస్తే కవిత లేదు. నా చర్చ పేజీలో కాపీహక్కుల సందేశం ఉంది. కాస్త టెన్షన్, అంతకన్నా ఎక్కువ కోపం.

మూలం చెప్పడం వేరు, హక్కు ఉండడం వేరని అప్పుడు తెలిసింది. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే 2043 చివరిదాకా. 1915లో పోయిన గురజాడ కవితలైతే, పాత రచనలను పూర్తిగా ఉంచే వికీపీడియా తోబుట్టువు వికీసోర్సులో పూర్తిగానే పెట్టుకోవచ్చు. పైగా వికీపీడియాలో రాసింది ఎవరైనా వ్యాపారానికైనా వాడుకోవచ్చు. నాది కానిదాన్ని అలా పంచిపెట్టడానికి నేనెవర్ని?

సరిచేయబోయి ఇంకో తప్పు చేశాను. ఒక విమర్శకుడి పేరాలో పదాలు మార్చి, వాక్యాలు అటూ ఇటూ తిప్పి అతికించాను. చదివితే ఆయన గొంతే వినిపిస్తోంది! తీసేశాను. తేదీలు, వివరాలు మాత్రం కాగితంమీద రాసుకుని, పుస్తకం మూసేసి, మర్నాడు నా మాటల్లో రాశాను. వాస్తవాలకు కాపీహక్కు లేదు, వాటిని చెప్పిన తీరుకే ఉంది.

కవితలోంచి నేను చర్చిస్తున్న రెండు పాదాలే ఉంచాను, కొటేషన్ గుర్తుల్లో, పేజీ నంబరుతో. ఇన్ని పాదాల వరకు ఫర్వాలేదని చట్టంలో లెక్కేమీ లేదు. ఆ రెండూ తీసేస్తే నా పేరా అర్థం కాదు, అందుకే ఉన్నాయి.