సైకిల్ దారి రెయిలింగ్ డిజైన్ – 3వ భాగం: ఎత్తు, సందులు, పోస్టు మీద బరువు

ముందు పోయిన భాగంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. దారి అంచు నుంచి 1 మీటరు దూరంలో ఏటవాలు మొదలవుతోంది, వాలు 1:2, అంటే అడ్డంగా 2 మీటర్లకు 1 మీటరు దిగుతుంది, మొత్తం లోతు 1.5 మీటర్లు. రెయిలింగ్ కావాలా? కావాలి. అమెరికాలో రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం ఆష్టో 2012లో తెచ్చిన సైకిల్ గైడులో లెక్క ఇలా ఉంటుంది: దారికీ ఏటవాలుకీ మధ్య 5 అడుగుల (సుమారు 1.5 మీటర్లు) ఖాళీ లేకపోతే, 1:2 గానీ అంతకన్నా నిటారుగా గానీ ఉన్న వాలు 4 అడుగులు, ఆపైన దిగేచోట అడ్డు పెట్టాలి. మనకు ఖాళీ 1 మీటరే, లోతు 4 అడుగులకు మించే ఉంది.

"కావాలి" అని రాసి అక్కడే ఆగిపోతే మాత్రం సగం మార్కులే. దారిని ఇంకో అర మీటరు ఇవతలికి జరపగలిగితే రెయిలింగ్ అవసరమే ఉండదు, నేనైతే ముందు అదే చూస్తాను. ఎందుకంటే రెయిలింగ్ కూడా సైకిల్ గుద్దుకునే వస్తువే, పడిపోవడం కన్నా గుద్దుకోవడం నయం అనిపించిన చోట మాత్రమే దాన్ని పెట్టాలి.

ఇక ఎత్తు. ఇక్కడ దేశానికో అంకె కనిపిస్తుంది, కొత్తవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. ఆష్టో గైడు మామూలుగా 42 అంగుళాలు (1.07 మీటర్లు) చాలంటుంది. బ్రిటన్‌లో 2020లో వచ్చిన సైకిల్ డిజైన్ మార్గదర్శకం వంతెన మీద 1.4 మీటర్లు ఉండాలంటుంది. కెనడా వంతెనల కోడ్‌లో 1.37. ఇంత తేడా ఎందుకంటే, సైకిలూ మనిషీ కలిపి చూస్తే బరువు కేంద్రం నేల నుంచి సుమారు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది, గట్టిగా గుద్దినప్పుడు రెయిలింగ్ పై అంచు దానికి దగ్గరగానో కిందగానో ఉంటే మనిషి అవతలికి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం ఎంత అన్నదాన్ని వంతెన కింద లోతు నిర్ణయించదు. లోతు ఎక్కువైతే పడ్డాక దెబ్బ పెద్దది, కానీ పడతాడా లేదా అన్నది ఎంత వేగంతో, ఏ కోణంలో తగిలాడన్న దాని మీదే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. తిన్నని దారిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతూ కొంచెం పక్కకు జారి 10 డిగ్రీల కోణంలో తగిలితే, రెయిలింగ్ వైపుగా ఉండే వేగం 20 × సైన్ 10, అంటే గంటకు 3.5 కిలోమీటర్లు, నడక వేగం కూడా కాదు. అదే పొడవాటి దిగుడు చివర మలుపు తిరగలేక 30 కిలోమీటర్ల వేగంతో 25 డిగ్రీల కోణంలో తగిలితే 12.7 వస్తుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దెబ్బ దాదాపు 13 రెట్లు. అందుకే ఆష్టో గైడు కూడా 25 డిగ్రీలు గానీ అంతకు మించి గానీ ఉన్న కోణంలో వేగంగా గుద్దే వీలున్న చోట, ముఖ్యంగా దిగుడు అడుగున ఉన్న ఇరుకు మలుపుల్లో, 48 అంగుళాలు (1.22 మీటర్లు) ఆలోచించమంటుంది. కాబట్టి ముందు ప్లాన్ మీద దిగుళ్లూ మలుపులూ గుర్తు పెట్టుకోండి, ఎత్తు అంకె తర్వాత. మీ చోట వర్తించే కోడ్ ఎక్కువ అడిగితే ఎక్కువే పెట్టాలి, అందులో బేరం లేదు.

ఎత్తు కొలిచేది సైకిల్ నడిచే ఉపరితలం నుంచి. పోస్టు అడుగు నుంచి కాదు! దారి మీద తర్వాత 50 మిల్లీమీటర్ల కొత్త పొర వేస్తే మీ 1.07 కాస్తా 1.02 అవుతుంది, ఆ పొర డ్రాయింగ్‌లోనే లెక్కలో ఉండాలి.

పోస్టుల సంగతికి వద్దాం, ఈ భాగంలో అసలు విషయం ఇదే. ఆష్టో వంతెన కోడ్ ప్రకారం రెయిలింగ్ అడుగు పొడవుకు 50 పౌన్లు (మీటరుకు 0.73 కిలోన్యూటన్లు) మోయాలి, దానితో పాటే ఒక చోట 200 పౌన్లు (0.89 కిలోన్యూటన్లు) కూడా. పోస్టుల మధ్య 2 మీటర్లు ఉంటే ఒక్కో పోస్టు మీద పక్కకు తోసే బలం 0.73 × 2 + 0.89 = 2.35 కిలోన్యూటన్లు. పై పైపు 1.07 మీటర్ల ఎత్తులో ఉంటే పోస్టు అడుగున వంచే బలం 2.35 × 1.07, అంటే 2.5 కిలోన్యూటన్ మీటర్లు, ఎత్తు 1.37 చేస్తే 3.2. అంటే 28 శాతం ఎక్కువ, అదంతా పడేది అడుగు ప్లేటు మీదా బోల్టుల మీదా. పాత పాదచారుల రెయిలింగ్ మీద ఇంకో పైపు వెల్డింగ్ చేసి "సైకిళ్లకు సరిపోయింది" అనేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది, ఎత్తు పెంచారు సరే, ఆ బోల్టుల్ని ఎవరు చూశారు?

సందులకు పరీక్ష సులభం. 27 అంగుళాల ఎత్తు వరకు 6 అంగుళాల బంతి దూరకూడదు, ఆపైన 8 అంగుళాల బంతి. అట్టముక్కతో 150 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ల కోసి పట్టుకెళ్లండి, అడుగున నేలకీ కింది పైపుకీ మధ్య సందు కూడా చూడండి, చాలామంది మర్చిపోయేది అదే. అడ్డ పైపులు పిల్లలకు ఎక్కడానికి మెట్లవుతాయి కాబట్టి నిలువు చువ్వలే మేలు. కానీ నిలువు చువ్వల్లో హ్యాండిల్ చివర ఇరుక్కుంటే సైకిల్ ఒక్కసారిగా అడ్డం తిరుగుతుంది. అందుకని లోపలి వైపు 36 నుంచి 44 అంగుళాల ఎత్తులో నున్నటి వెడల్పాటి పట్టీ బిగించాలి, పోస్టుల కన్నా ముందుకు వచ్చేలా. రెయిలింగ్ మొదలయ్యే మొన దారికి దూరంగా వంపు తిరిగి ఉండాలి.

వచ్చే భాగానికి లెక్క: 1.37 మీటర్ల ఎత్తు, పోస్టుల మధ్య 1.5 మీటర్లు. పోస్టు అడుగున వంచే బలం ఎంత? పై 1.07 మీటర్ల పోస్టు కన్నా ఎక్కువా, తక్కువా? జవాబు పట్టుకుని రండి, దానితోనే అడుగు ప్లేటు, బోల్టులు మొదలుపెడదాం.