వారంటీ పోకుండా కారు ఆయిల్ బయట మార్పించుకోవడం ఎట్టా

కొత్త కారు తీసుకున్నోళ్ళందరికీ షోరూమ్‌లో చెప్పే మాట ఒకటే, బయట మెకానిక్ చెయ్యి పెడితే వారంటీ మొత్తం పోద్ది అని. అందులో కొంత నిజం ఉంది, కొంత ఊరికే భయపెట్టడం. ఏది ఏందో తెలుసుకోకుండా కొందరు అవసరం లేని బిల్లులు కడతన్నారు, ఇంకొందరు ధైర్యం చేసి బయట చేపిచ్చి ఒక్క కాగితం కూడా దాచుకోక ఇంజన్ క్లెయిమ్ పోగొట్టుకుంటన్నారు. రెండూ నష్టమే.

అమెరికాలో ఉన్న మనోళ్ళు ఫోన్లో చెప్తుంటారు, ఇక్కడ ఎక్కడైనా మార్పించుకోవచ్చు కంపెనీ ఏం అనలేదు అని. వాళ్ళకి అది కరెక్టే, అక్కడ 1975లో వచ్చిన మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ఉంది, సర్వీసు ఫ్రీగా ఇస్తే తప్ప మా దగ్గరే చేపిచ్చుకో అని వారంటీకి షరతు పెట్టకూడదు. మన దగ్గర అట్టాంటి చట్టం లేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్, అంటే కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ, 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్లకి పైగా జరిమానా వేసింది, బయట రిపేర్ చేపిచ్చుకున్నంత మాత్రాన వారంటీ రద్దు చెయ్యకూడదని కూడా చెప్పింది, కానీ కంపెనీలు దాని మీద అప్పీళ్ళకి పోయాయి. కాబట్టి ఆ ఆర్డర్ ఒక్కటే నమ్ముకుని దిగబాకండి. చాలా కంపెనీల వారంటీ బుక్‌లో షెడ్యూల్ సర్వీసులు ఆథరైజ్డ్ సెంటర్‌లోనే అని ఇప్పటికీ రాసి ఉంటది. ముందు డాష్‌బోర్డ్ అరలో ఉన్న ఆ పుస్తకం తీసి వారంటీ వర్తించనివి అనే పేజీ మొత్తం చదవండి.

నా పద్ధతి ఏందంటే, పుస్తకంలో ఉన్న షెడ్యూల్ సర్వీసు కిలోమీటర్లయినా నెలలైనా ఏది ముందొస్తే దానికి సెంటర్‌లోనే చేపిచ్చాలి, మధ్యలో ఎక్స్‌ట్రాగా ఆయిల్ మార్చేది మాత్రం బయట. మన వైపు ఈ ఎక్స్‌ట్రా అవసరం నిజంగానే ఉంది. చీమకుర్తి క్వారీల దుమ్ములో రోజూ తిరిగే బండి, కృష్ణపట్నం పోర్టు రోడ్డులో లారీల వెనక పాక్కుంటా పోయే బండి, మే నెల ఎండలో ఏసీ వేసుకుని ఊర్లోనే రెండు రెండు కిలోమీటర్లు తిప్పే బండి, ఇయ్యన్నీ మాన్యువల్ భాషలో కఠిన పరిస్థితుల కిందికే వస్తాయి, వీటికి ఆయిల్ తొందరగా మార్చమని కంపెనీనే రాస్తది. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నోళ్ళు ఇంకా జాగ్రత్త, దాని షరతులు మామూలుగా ఇంకా గట్టిగా ఉంటాయి, ఒక్క పెయిడ్ సర్వీసు కూడా బయటికి పోనీయబాకండి.

షెడ్యూల్ సర్వీసులో డబ్బు తగ్గించుకునే దారి వేరే ఉంది. జాబ్ కార్డు, అంటే బండికి చెయ్యాల్సిన పనుల లిస్టు, రాసేటప్పుడే పుస్తకంలో ఉన్నయి మాత్రమే చెయ్యండి అని చెప్పి ఇంజన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్, కోటింగ్ లాంటివి లిస్టులోంచి తీయించేయండి. సంతకం పెట్టే ముందు ఎస్టిమేట్ చూడండి. సెంటర్ దూరమైన కనిగిరి, ఉదయగిరి వైపోళ్ళు కంపెనీ వ్యాన్ మన ఊరికి వచ్చి చేస్తదేమో అడగండి, అది కూడా కంపెనీ రికార్డులోకే ఎక్కుద్ది.

ఇప్పుడు బయట మార్పించేటప్పుడు. ఆయిల్ గ్రేడ్, అంటే ఎంత చిక్కగా ఉండాలనేది, మాన్యువల్‌లో ఉన్నదే, 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే, మెకానిక్ మన ఎండకి చిక్కటిది బెటర్ అన్నా సరే వద్దు. గ్రేడ్‌తో పాటు ఏపీఐ ఎస్పీ లాంటి స్పెసిఫికేషన్, అంటే డబ్బా మీద ఉండే క్వాలిటీ గుర్తు, కూడా కలవాలి. బీఎస్6 (కొత్త పొగ రూల్స్) డీజిల్ బండికి ఇది ఇంకా ముఖ్యం, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండికి బూడిద తక్కువొచ్చే ఆయిలే పొయ్యాలి, మామూలుది పోస్తే ఆ ఫిల్టర్ పూడిపోద్ది, ఆ ఖర్చు వారంటీలో రాదు. ఆయిల్ ఫిల్టర్ ఒరిజినల్‌ది పార్ట్స్ షాపులో బిల్లు మీద కొనండి. ఆయిల్ డబ్బా సీల్ మీ ముందే తియ్యమనండి, ఖాళీ డబ్బా మూత దగ్గర కోసేసి పారేయండి, లేకపోతే దాంట్లో ఇంకేదో నింపి అమ్ముతారు.

బండి కింద మీరు నిలబడి చూడాల్సింది పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్ట్. దానికి చిన్న రింగులాంటి వాషర్ ఉంటది, కొత్తది వెయ్యమనండి, బోల్ట్ ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టాకే స్పానర్ పెట్టాలి. మొదటి నుంచీ బోల్టులు బిగించే గన్‌తో కొడితే సంప్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) త్రెడ్ పోద్ది, అది బయటి పని వల్ల వచ్చిన డ్యామేజే కాబట్టి కంపెనీ కట్టదు, కట్టమని అడగడం కూడా న్యాయం కాదు. ఆయిల్ పోశాక ఒక నిమిషం స్టార్ట్ చేసి ఆపి, చదునైన చోట కాసేపు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చూడండి, రెండు గీతల మధ్యలో ఉండాలి, పై గీత దాటినా మంచిది కాదు.

బిల్లు మాత్రం అస్సలు వదలబాకండి. నెల్లూరు ఆటోనగర్‌లో చేపిచ్చినా మీ ఊరి షెడ్‌లో చేపిచ్చినా తేదీ, బండి నంబరు, కిలోమీటర్లు, ఆయిల్ పేరు, గ్రేడ్, ఎన్ని లీటర్లు, ఫిల్టర్ పార్ట్ నంబరు ఉండాలి, జీఎస్టీ బిల్లయితే ఇంకా గట్టి. తెల్ల కాగితం మీద మొత్తం ఇంత అని రాసిచ్చేది రేపు ఎందుకూ పనికిరాదు. ఓడోమీటర్ ఫోటో, డబ్బా లేబుల్ ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి, థర్మల్ బిల్లులు కొన్నాళ్ళకి తెల్లబడిపోతాయి.

ఇంత చేసినా క్లెయిమ్ కాదంటే నోటి మాట ఒప్పుకోబాకండి. ఏ పార్ట్ పోయింది, బయట వేసిన ఆయిల్ వల్లే పోయిందని ఎట్టా తేల్చారు, వారంటీలో ఏ షరతు కింద కాదంటన్నారు, ఇవి రాసివ్వమని సెంటర్‌కీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ మెయిల్ పెట్టండి. పవర్ విండో మోటార్ పోతే ఆయిల్‌కి దానికి ఏం సంబంధం అని గట్టిగా అడగొచ్చు. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రిజిస్టర్ చెయ్యండి. అక్కడా తేలకపోతే నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యొచ్చు, లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు, సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ళలోపు వెయ్యాలి.