సల్ఫర్ స్పెక్ట్రంలో అనుకోని పీక్: బీమ్‌టైమ్‌కి వెళ్లేముందే చూసుకోవాల్సినవి

తిరుపతి నుంచి మట్టి శాంపిళ్లు పట్టుకుని సింక్రోట్రాన్‌కి (బలమైన ఎక్స్-రే బీమ్ ఇచ్చే యంత్రం; అక్కడ మనకు కేటాయించే సమయమే బీమ్‌టైమ్) బయలుదేరే పరిశోధక విద్యార్థులారా, సల్ఫర్ కె-ఎడ్జ్ (సల్ఫర్ ఎక్స్-రేను ఒక్కసారిగా ఎక్కువగా పీల్చుకునే శక్తి) దగ్గర ఎదురుచూడని పీక్ కనిపించగానే కొత్త సమ్మేళనం దొరికిందని సంబరపడకండి. ముందు ఆ పొలం సంగతి కనుక్కోండి. చిత్తూరు వైపు వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల దాకా జిప్సం వేస్తారు. అది కాల్షియం సల్ఫేట్. 2482 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర నిటారుగా లేస్తుంది. మామిడి తోటలో బూడిద తెగులుకు గంధకం కొట్టి ఉంటే 2472, 2473 మధ్య మూలక గంధకం పలకరిస్తుంది. శాంపిల్ తీసేరోజే రైతును ఒక్క మాట అడిగితే నెలల టెన్షన్ తప్పుతుంది.

చెరువు అడుగు నల్లమట్టిని మాత్రం మన ఎండలో ఆరబెట్టొద్దు. అందులోని ఐరన్ సల్ఫైడ్ గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతుంది. తీసిన వెంటనే నత్రజని నింపిన డబ్బాలో పెట్టి, చల్లగా ఉంచండి. రబ్బరు గ్లౌజుల్లోనూ గంధకం ఉంటుంది. అతికించే టేపును శాంపిల్ లేకుండా ఒకసారి స్కాన్ చేసి చూడండి, విసుగనిపించినా సరే.

అసలు మోసం పీక్ ఎత్తులో ఉంది. పరమాణువుల సంఖ్య సమానమే అయినా సల్ఫేట్ పీక్ సల్ఫైడ్ పీక్ కంటే ఎన్నో రెట్లు ఎత్తుగా వస్తుంది. కొంచెం సల్ఫేట్ ఉన్నా స్పెక్ట్రం అంతా అదే అన్నట్టు కనిపిస్తుంది. పైగా బీమ్ కూడా శాంపిల్‌ను మారుస్తుంది. అందుకే స్కాన్‌లన్నీ కలిపి సగటు తీసేముందు మొదటిదాన్నీ చివరిదాన్నీ పక్కపక్కన పెట్టండి. పీక్ స్కాన్ స్కాన్‌కీ పెరుగుతుంటే అది మీ మట్టిది కాదు, బీమ్ చేసిన పని. చోటు మార్చి, తక్కువ సేపు స్కాన్ చేయండి. గంధకం మరీ ఎక్కువున్న శాంపిల్‌లో ఇబ్బంది వేరు: ఫ్లోరెసెన్స్‌లో (శాంపిల్ తిరిగి వెదజల్లే ఎక్స్-రేను కొలిచే పద్ధతిలో) పీకులు అణిగిపోతాయి. పలచగా పూయడమే మందు.

మట్టిలో సీసం ఉంటే దాని ఎం5-ఎడ్జ్ (సీసం ఎక్స్-రేను పీల్చుకునే శక్తుల్లో ఒకటి) 2484 దగ్గరే వస్తుంది, సల్ఫేట్‌తో కలిసిపోతుంది. ఇక పాత పేపర్లలోని పీక్ స్థానాలతో పోల్చేముందు వాళ్లు దేనితో క్యాలిబ్రేట్ చేశారో (శక్తి స్కేలును దేనితో సరిచూసుకున్నారో) చూడండి. సోడియం థయోసల్ఫేట్ మొదటి పీక్‌ను 2472.02గా తీసుకునేవాళ్లున్నారు, సల్ఫేట్‌ను ఆధారం చేసుకునేవాళ్లున్నారు. ఒక ఎలక్ట్రాన్ వోల్టు తేడా అక్కడే వచ్చేస్తుంది.